మా బావ పుస్తకాలకు కొత్త అట్టలు

పెద్ద వరద వచ్చి వెళ్లిన మూడో ఏడు జరిగింది ఇది. మా ఊళ్లో ఏళ్లను వరదతోనే లెక్కపెడతాం. ఏ పిల్ల వయసు అడిగినా వరదకు ముందు పుట్టిందనో తర్వాత పుట్టిందనో చెబుతారు. నా భార్య పోయింది వరదకు ముందు ఏడు. మా అక్కావాళ్ల ముందుగదిలోకి నీళ్లొచ్చింది వరద రెండో రోజు. పుస్తకాల అరల్లో కింది వరస మునిగింది. మరునాటికి నీళ్లు దిగిపోయాయి గానీ, ఆ వరసలో పుస్తకాలు ఉబ్బి, ఎండబెట్టినా ఉబ్బినట్టే ఉండిపోయాయి.

నాది బైండింగు పని. స్టేషను వీధి చివర ఒక గది షాపు. బడికి మూడేళ్లు వెళ్లాను. అక్షరాలు కూడబలుక్కుని చదవగలను, అంతకన్నా రాదు. మాట కూడా తక్కువే. చదువు అబ్బక, నోరు లేక, వీడెలా బతుకుతాడని మా నాన్న తల పట్టుకుని కూర్చుంటే, అప్పుడే మా అక్కను పెళ్లి చేసుకున్న మా బావ నన్ను తీసుకెళ్లి ఒక ముసలి బైండరు దగ్గర పనిలో పెట్టాడు. "పుస్తకం లోపలికి పోకపోతే పోనీండి మామయ్యా, బయట కాపలా ఉంటాడు" అన్నాడట. ఆ మాట చెప్పుకుని మా ఇంట్లో చాలా ఏళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. కానీ అరవై అయిదేళ్లు వచ్చేదాకా ఎవరి ముందూ చెయ్యి చాపకుండా బతికానంటే ఆ రోజు ఆయన నా చెయ్యి పట్టుకుని నడిపించడం వల్లే. ఈ మాట ఆయనతో ఒక్కసారీ అనలేదు. ఎలా అనాలో తెలియలేదు.

మా బావ బళ్లో చరిత్ర చెప్పే మాస్టారు. ఉద్యోగంలో చేరిన నెల నుంచి పుస్తకాలు కొనడం మొదలుపెట్టాడు. అన్నీ చరిత్రే. కథలు లేవు, పద్యాలు లేవు. పాత పుస్తకాల దుకాణాల్లో, మూతపడ్డ బళ్లలో, చనిపోయినవాళ్ల ఇళ్లలో వెతికి తెచ్చేవాడు. ముందుగదిలో మూడు గోడలకీ అరలు కొట్టించాడు. తలుపు పక్కన మొదలుపెడితే, కాలం వరసన నడుచుకుంటూ కిటికీ దగ్గర తేలతాం. ఆ మూలన మనుషులు ఇంకా రాళ్లు చెక్కుకుంటూ ఉంటారు, ఈ మూలకొచ్చేసరికి రైలు కూత పెడుతుంది. మా అక్క మాత్రం, "ఈ గదిలో ఉన్నవాళ్లంతా చచ్చిపోయినవాళ్లే. బతికున్నదాన్ని నేనొక్కదాన్నే, నాకే కుర్చీ వేసుకునే చోటు లేదు" అనేది.

ఆ ఏడు ఎండలు ముదిరాక మా బావ షాపుకొచ్చాడు, వరదలో తడిసిన ముప్పై ఒక్క పుస్తకాలు సంచుల్లో వేయించుకుని. కుట్లు ఊడి ఫారాలు, అంటే కుట్టిన కాగితాల మడతలు, జారిపోతున్నాయి. పక్క షాపు కంపోజిటరు కూడా అక్కడే ఉన్నాడు. అక్షరాలు పేర్చడంలో వాడికి తొందర లేదు కాబట్టి వాణ్ణి ఊరంతా నత్త అంటుంది. మంచివాడు.

"ఇవి మాత్రమే బాగుచెయ్యి" అన్నాడు బావ. "మిగతావాటి జోలికి వెళ్లకు. అవి ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి."

"ఊఁ" అన్నాను.

"ఊఁ అంటే విన్నట్టా, నన్ను వదిలించుకున్నట్టా?"

"విన్నట్టే."

"మాస్టారూ, ఈయన మూడు నెలలకి సరిపడా మాట్లాడేశాడు, ఇంక ఇబ్బంది పెట్టకండి" అన్నాడు నత్త.

బావ నవ్వాడు. నేను గుడ్డల ముక్కలు ముందు పెట్టి ఏ రంగు కావాలంటే, వాటిని చూడకుండా రెండు వేళ్ల మధ్య నలిపి, "ఏదైనా పర్లేదు" అన్నాడు. అది నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

తర్వాతి వారం వాళ్లిద్దరూ కూతురి దగ్గరికి వెళ్లారు. మనవరాలికి కాన్పు. రెండు నెలలు ఉంటామన్నారు. మా అక్క తాళాలు నా చేతిలో పెట్టి, "వారానికోసారి కిటికీలు తెరువు. తెరిచి మళ్లీ వెయ్యడం మర్చిపోకు, పిల్లులు కాపురం పెడతాయి" అంది.

ముప్పై ఒకటీ అయిదు రోజుల్లో అయిపోయాయి. ముదురు నీలం కాలికో గుడ్డ వేశాను. నత్త వెన్నుల మీద బంగారు అక్షరాలు కొట్టిచ్చాడు. తీసుకెళ్లి కింది వరసలో పెట్టి నాలుగడుగులు వెనక్కి వేసి చూశాను. కింది వరస కొత్తగా మెరుస్తోంది. పై వరసలన్నీ ఇంకా దీనంగా కనిపించాయి. ఒకదానికి వెన్ను లేదు. ఒకదానికి పురికొస కట్టి ఉంది. ఒకదానికి గాయానికి అంటించే పట్టీ అంటించాడు మా బావ. ఒకటి చేతిలోకి తీసుకుంటే అట్ట నా చేతిలో ఉండిపోయి పుస్తకం కింద పడింది.

జోలికి వెళ్లొద్దన్నాడంటే నాకు శ్రమ అవుతుందని అన్నాడనుకున్నాను. ఆయన పద్ధతి అది. చెప్పులు తెగినా ఎవరికీ చెప్పకుండా కాళ్లీడ్చుకుంటూ వచ్చే మనిషి. బావమరిదినే కదా, చెప్పకుండా చేసిపెడితే సంతోషిస్తాడనుకున్నాను. అనడం రాని మాట ఉంది కదా, అది ఇలా చెల్లుతుందనుకున్నాను. మరునాడు తోపుడు బండి మాట్లాడుకుని మొదటి విడత ఎనభై పుస్తకాలు షాపుకి తోలించాను.

మొత్తం నాలుగొందల పన్నెండు. పొద్దున్న ఆరింటికి కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేవలేదు. పాత అట్టలు ఊడదీయాలి, గట్టిపడిన జిగురు గీకాలి, చిరిగిన ఫారాలకు పల్చటి కాగితం అంటించాలి, మళ్లీ కుట్టాలి. కుట్టాక అంచులు మిషనులో పెట్టి కోయాలి. మా పనిలో కోత అంటే ఒక్కొక్కటీ కోయం. ఒకే కొలతవి దొంతరగా పెట్టి ఒకేసారి కోస్తాం. అంచులు అప్పుడే అద్దంలా వస్తాయి. అందుకని అన్నిటినీ కలిపి, పెద్దవి, నడిమివి, చిన్నవి అని మూడు కొలతలకు తెచ్చాను. పని మొదలుపెట్టినప్పటి నుంచి అలాగే చేస్తున్నాను, అలా చెయ్యనివాణ్ణి బైండరు అనరు.

నత్త ఒక్కొక్క పేరూ చదివి అక్షరాలు పేర్చేవాడు. "కోటల చరిత్ర. కలరా చరిత్ర. అద్దాల చరిత్ర. ఏంటండీ ఇది, మాస్టారు దేన్నీ వదిలిపెట్టలేదా?"

"ఊఁ."

"మాస్టారికి ఒక మాట చెప్పారా, అన్నీ చేస్తున్నామని?"

"వచ్చాక చూస్తాడుగా."

"ఫోను చేసి చెప్పండి."

"ఫోనులో ఏం మాట్లాడను?"

"అదీ నిజమే. మీరు చేస్తే లైను తెగిందనుకుని అవతల పెట్టేస్తారు."

పాత అట్టలు ఏడు గోనెసంచులు అయ్యాయి. చిత్తుకాగితాలవాడు వచ్చి పట్టుకెళ్లాడు.

వాళ్లు రావడానికి నాలుగు రోజుల ముందు అరల్లో సర్దాను. ఏది ముందు కాలంది, ఏది వెనక కాలంది అనేది నాకు తెలియదు. కొలతల ప్రకారం పెట్టాను. పై వరసలన్నీ చిన్నవి, మధ్యవి నడిమివి, కింద పెద్దవి. నూలు వేసి కట్టిన గోడలా వచ్చింది. ఒక్క వెన్ను కూడా ముందుకు పొడుచుకురాలేదు. నా చేత్తో అంత పని ఇంతకు ముందు చేయలేదు. కుర్చీ వేసుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. సంతోషం ఆగక ఒంటరిగానే నవ్వాను.

వాళ్లు మధ్యాహ్నం బండికి దిగారు. నేను ఇంట్లోనే ఉన్నాను. గుమ్మంలోనే బావ ఆగి, "జిగురు వాసన వస్తోందేంట్రా?" అన్నాడు.

మా అక్క సామాను కింద పెట్టి గదిలోకి చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. "అమ్మో! ఒరేయ్, ఇదంతా నువ్వే చేశావా? చూశారా, ఇన్నేళ్లకి ఈ గది మనుషులుండే గదిలా కనిపిస్తోంది. నా తమ్ముడికి మాటలు రావు గానీ, చేతులు చూడండి!"

బావ లోపలికొచ్చాడు. తలుపు పక్క అర దగ్గరికి నేరుగా వెళ్లి మూడో వరస మీద చెయ్యి పెట్టాడు. కళ్లు అటు లేవు, గోడ పైకి ఉన్నాయి. వేళ్లు ఒక వెన్ను మీదనుంచి ఇంకో వెన్ను మీదకి నడిచాయి. పది దాకా వెళ్లి వెనక్కొచ్చాయి. మళ్లీ వెళ్లాయి. గుడ్డ నాణ్యం చూస్తున్నాడనుకున్నాను. నా నోరు పెగిలింది.

"కాలికో బావా. మంచి రకం. చెమ్మ పట్టదు. లోపల కుట్టు కూడా మార్చేశాను, అయిదు చోట్ల ముడేశాను. ఇంకో యాభై ఏళ్లు కదలవు. అక్షరాలు నత్తే కొట్టాడు. అన్నీ ఒకటే రంగు. ఒక్కటీ వదలలేదు."

జన్మలో ఆయనతో అన్ని మాటలు ఒకేసారి మాట్లాడలేదు.

"బాగా చేశావురా" అన్నాడు. అని వేళ్లు ఆపి, "ఉప్పు వ్యాపారం మీద పుస్తకం ఉండాలి. ఈ వరసలోనే, ఎడమ నుంచి ఆరోది. ఇలా ఇవ్వు" అన్నాడు.

ఆరోది తీసిచ్చాను. మా అక్క టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. బావ పుస్తకం ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తడిమాడు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లి, పుస్తకాన్ని ముక్కుకు ఆనేంత దగ్గరగా తెచ్చుకుని, తల పక్కకి తిప్పి ఓరగా చూశాడు. కోడిపుంజు చూసినట్టు. పెద్ద అక్షరాలు, బంగారం రంగు, పట్టపగలు. అయినా చాలాసేపు పట్టింది.

"ఇది గడియారాల చరిత్ర" అన్నాడు.

"కొలతలు చూసి సర్దాను బావా."

"అన్నీనా?"

"అన్నీ."

"పాత అట్టలు?"

"చిత్తుకాగితాలవాడికి ఇచ్చేశాను."

ఆయన వెనక్కి తిరిగి కుర్చీలో కూర్చోబోయాడు. కుర్చీ అక్కడ లేదు, జానెడు పక్కన ఉంది. నేను పట్టుకోకపోతే పడిపోయేవాడు. ఏళ్ల తరబడి అదే కుర్చీ, అదే చోటు. నాలుగు రోజుల కిందట కూర్చుని చూసి జరిపి పెట్టింది నేనే. కుర్చీని పాత చోటికి లాగి కూర్చోబెట్టాను.

"తలుపు దగ్గరికి వెయ్యి" అన్నాడు. వేశాను.

"చూపు నడిమధ్యన మూసుకుపోయిందిరా. ఏడాదిన్నర అయింది. పక్కల్లోంచి కాస్త కనిపిస్తోంది. అక్కడ ఉన్నప్పుడు మీ అక్కకి తెలియకుండా పెద్దాసుపత్రికి వెళ్లొచ్చాను. ఆ కాస్తా కూడా ఈ ఏడుతో సరి అన్నాడు డాక్టరు. మందు లేదు. కోసేది కూడా ఏమీ లేదట."

నేను ఆయన కుర్చీ పక్కకి వచ్చి నిలబడ్డాను.

"ఏడాదిగా ఈ గదిలో ఒక పని చేస్తున్నాను. పొద్దున్నే మీ అక్క లేవకముందు వచ్చి, కళ్లు మూసుకుని, ఒక్కొక్క పుస్తకాన్నీ చేత్తో నేర్చుకుంటున్నాను. దీనికి వెన్ను లేదు, ఇది పురికొస, దీని అట్ట మీద పొక్కు లేచింది, దీని మూల ఎలక కొరికింది. రెండొందల దాకా వచ్చేశాయి. నేనింక చదవలేనని తెలుసు. కానీ అది చేతికి తగిలితే లోపలున్నది మనసులోకి వస్తుందిరా. పేజీలకి పేజీలు వస్తాయి. ఎక్కడ కొన్నానో, ఎవరింట్లో చూశానో, అన్నీ వస్తాయి. కళ్లు పోతే పోనీ, వీటితో కూర్చుని గడిపేద్దామనుకున్నాను." చేతిలో ఉన్న గడియారాల పుస్తకాన్ని ఎత్తి చూపించాడు. "ఇది చేతిలో పెట్టుకుంటే ఏమీ రావడం లేదు."

"ఒక్క మాట చెప్పి ఉంటే" అన్నాను.

"జోలికి వెళ్లొద్దన్నానుగా."

అన్నాడు. నిజమే.

తలుపు తెరుచుకుంది. టీ గ్లాసులతో మా అక్క నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో.

"నాకు తెలియకుండా ఆసుపత్రికి వెళ్లారా? బస్సు నంబరు కనపడక ముగ్గుర్ని అడిగారు, అందులో ఒకడు మన అల్లుడి స్నేహితుడు" అంది. "ఏడాదిగా గ్లాసు అంచు మీద వేలు పెట్టి నీళ్లు పోసుకుంటున్నారు. పొద్దున్నే ఈ గదిలో తడుముకోవడం నేను చూడలేదనుకుంటున్నారా? నేను మెలకువగానే ఉండి నిద్రపోతున్నట్టు పడుకునేదాన్ని. చెప్పినప్పుడు చెబుతారులే అని ఊరుకున్నాను."

"నీకు తెలిసీ ఇందాక బాగుందన్నావు?" అన్నాడు బావ.

"బాగుంది కాబట్టి బాగుందన్నాను! అట్టలు తడిమి నేర్చుకుంటున్నారని నాకేం తెలుసు? దారి కోసం తడుముతున్నారనుకున్నాను." ఆమె గ్లాసులు బల్ల మీద పెట్టి నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "నువ్వు టీ తాగు" అంది.

ఎవరమూ తాగలేదు. మూడు గ్లాసుల మీదా మీగడ కట్టింది.

అక్కడినుంచి లేచి చిత్తుకాగితాలవాడి గోడౌనుకి నడిచాను. రైలు కట్ట అవతల ఉంటుంది. వాడు తూకం రాయి మీద కూర్చుని ఉన్నాడు. ఏడు గోనెసంచులు, పాత అట్టలు అన్నాను.

"అవా? అదే వారం మూటలు కట్టి లారీకెత్తాం పెద్దాయనా. ఈపాటికి మిల్లులో నానేసి ఉంటారు."

"ఒక్క సంచైనా మిగల్లేదా?"

"ఏమైనా పెట్టి మర్చిపోయారా లోపల? కాగితాలా?"

"కాదు. అట్టలే."

"అట్టలకేనా ఇంత దూరం నడిచొచ్చారు? నా దగ్గర బోలెడున్నాయి, రండి. కావలసినన్ని ఏరుకోండి. మీరు పాత ఖాతాదారు." నిజంగానే లోపలికి తీసుకెళ్లి ఒక గుట్ట చూపించాడు. చెప్పుల పెట్టెల అట్టలు, గోడ కేలండర్ల అట్టలు. నేను ఆ గుట్ట దగ్గర వంగి కాసేపు వెతికాను కూడా. అందులో లేవని తెలిసే వెతికాను.

షాపుకి తిరిగొచ్చేసరికి నత్త తలుపులు వేస్తున్నాడు. విషయం చెప్పాను. నాలుగు ముక్కల్లో అయిపోయింది.

"వరస మళ్లీ పెట్టొచ్చుగా" అన్నాడు. "నేనొచ్చి పేర్లు చదువుతాను, మాస్టారు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడదాం. రెండు రోజుల పని."

"వరస పెట్టొచ్చు. చేతికి తెలియదు."

"వెన్ను మీద ఉబ్బెత్తు గుర్తులేమైనా వేస్తే?"

"నాలుగొందల గుర్తులు ఆయన ఈ వయసులో కొత్తగా నేర్చుకోవాలి. నేర్చుకున్నా, అవి గుర్తులే. ఆయనకి కావలసింది గుర్తు కాదు."

నత్త లోపలికి వచ్చాడు. మిషను మీద దుమ్ము లేకపోయినా గుడ్డ పెట్టి తుడిచాడు. వాడికి మాటలు ఆగిపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పను.

మరునాడు తెల్లారగానే వెళ్లాను. మా అక్క ఇంకా లేవలేదు, లేక లేవనట్టు పడుకుంది. బావ ముందుగదిలో కుర్చీలో ఉన్నాడు, చేతులు ఒళ్లో పెట్టుకుని. అరల వైపు కూర్చోలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

నేను కింద కూర్చున్నాను. నడిమి వరసలోంచి ఒకటి లాగి, వెన్ను మీద పేరు కూడబలుక్కున్నాను. "రే… వు… ప… ట్ట… రేవు పట్టణాలు. ఇది ఎలా ఉండేది బావా?"

"దేనికిప్పుడు?"

"చెప్పండి."

ఆయన వేళ్లు ఒళ్లో కదిలాయి. తర్వాత, "వెన్ను పైచివర చీలి ఉండేది. అంగుళం ఉంటుంది. వేలు పెడితే లోపల కుట్టు తగిలేది. వెనకట్ట కింది మూల నలిగి గుడ్డపేలికలా మెత్తగా ఉండేది" అన్నాడు.

జేబులోంచి కత్తి తీశాను. నా చేత్తో కుట్టిన పుస్తకం మీద నేను కత్తి పెట్టడం అదే మొదలు. పైచివర అంగుళం కొలుచుకుని కోశాను. కాలికో గట్టిది, చప్పుడు చేసింది. వెనకట్ట మూలను గ్లాసులో నీళ్లలో ముంచి, పళ్లతో కొరికి, నేలకేసి రుద్దాను. పొరలు విడిపోయి మెత్తబడేదాకా రుద్దాను. తుడిచి ఆయన ఒళ్లో పెట్టాను.

ఆయన వేలు చీలిక మీదకి వెళ్లింది. లోపలికి వెళ్లి ఆగింది. బొటనవేలు మూలను నలుపుతూ ఉంది. ఆయన ముఖం చూస్తూ కూర్చున్నాను.

"కాదురా" అన్నాడు. పుస్తకం మాత్రం నాకు తిరిగి ఇవ్వలేదు. ఇంకోసారి తడిమి, "ఆ చీలిక తిన్నగా ఉండేది కాదు. కిందికొచ్చేకొద్దీ ఎడమకి తిరిగేది" అన్నాడు.

పుస్తకం ఆయన చేతుల్లో ఉండగానే వంగి, ఆయన వేలు ఉన్న చోటి నుంచి కత్తిని ఎడమకి తిప్పాను.